సెలవు సంగతి సాయంత్రమే చెప్పండి, డీఈఓ గారూ

ఎన్టీఆర్ జిల్లా విద్యాశాఖాధికారి గారికి,

నమస్కారం. మాది విజయవాడ, కృష్ణలంక. నేను వస్త్రలతలో ఒక బట్టల షాపులో పని చేస్తాను. మా ఆయన స్కూలు ఆటో నడుపుతాడు. పాప నాలుగో తరగతి, ప్రైవేటు స్కూలు. బాబు ఒకటో తరగతి, మున్సిపల్ స్కూలు. ఒక్కరి ఫీజే కట్టగలం కాబట్టి అలా వేశాం. ఎవర్ని ఎక్కడ వేయాల్సింది అన్నది మా ఇంట్లో ఇంకా తెగని పంచాయితీ, దాన్ని మీ దాకా తేను. సోమవారాలు కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారని తెలుసు. సోమవారం రాకపోతే మా ఓనరు గారు ఆ రోజు జీతం కోసేస్తారు. అందుకే నలుగురూ చదివేలా ఇలా రాస్తున్నాను.

చలికాలంలో చిన్నపిల్లల ఇళ్లకు బడి నుంచి వచ్చే కబుర్ల గురించి ఈ ఉత్తరం.

మన ఊళ్లో చలి ఏపాటి చలి అని మీరనొచ్చు. నిజమే, తెల్లవారుజామున పదిహేడో పద్దెనిమిదో డిగ్రీలు, పదింటికల్లా మళ్లీ చెమట. కానీ బడికెళ్లే పిల్లలున్న ఇంట్లో నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఉండే టెన్షన్ ఇంకెప్పుడూ ఉండదు. తుపాన్లు అప్పుడే, దగ్గులు అప్పుడే, దుర్గమ్మ కొండ దగ్గర మాల వేసుకున్న భవానీల రద్దీ అప్పుడే, సంక్రాంతి ప్రయాణాలూ అప్పుడే. వీటన్నిటికీ బడి నుంచి ఏదో ఒక కబురు వస్తూనే ఉంటుంది. ఎప్పుడొస్తుంది, ఏ భాషలో వస్తుంది అన్నదే గొడవ.

ముందు భాష సంగతి. పాప స్కూలు నుంచి వాట్సాప్‌లో వచ్చే ప్రతి మెసేజ్ ‘డియర్ పేరెంట్, యువర్ వార్డ్’ అని మొదలవుతుంది. షాపులో మాకు ఫోను తీయనివ్వరు. రాత్రి తొమ్మిది దాటాక గానీ నేను చూడలేను. అందుకని మెసేజ్‌లు మా అత్తయ్య ఫోనుకు కూడా వచ్చేలా పెట్టించాను. మొదటిసారి ఆవిడ పక్కింటి ఇంటర్ కుర్రాడితో చదివించుకున్నారు. నేను ఇంటికి రాగానే ఎదురొచ్చి, ‘మన వార్డులో ఏదో అయిందట, సచివాలయానికి వెళ్లి కనుక్కో’ అన్నారు. వార్డు అంటే మన పిల్లే అని చెబితే ఆవిడ చాలాసేపు నమ్మలేదు. మేం నవ్వుకున్నాం సరే. ఆ మెసేజ్‌లో ఉన్నది మర్నాడు పాపకు కాచిన నీళ్లే బాటిల్లో పోసి పంపమని. అది మాత్రం ఎవరికీ తెలియలేదు.

బాబు బడిలో ఇంగ్లీషు బాధ లేదు, టీచరమ్మ తెలుగులోనే చెబుతారు. కానీ చెప్పేది పిల్లలకు. ఆరేళ్లవాడు మోసుకొచ్చే కబురు ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు. ఒకరోజు ‘ట్రైన్ డ్రెస్ వేసుకుని రమ్మన్నారు’ అన్నాడు. మా ఆయన వాడికి రైలు డ్రైవర్ టోపీ కొనాలేమోనని ఆలోచనలో పడ్డాడు. మర్నాడు బడిదాకా వెళితే తేలింది, ట్రెడిషనల్ డ్రెస్ అట. పంచె కట్టుకొచ్చిన పిల్లల మధ్య మావాడు యూనిఫాంలో నిలబడి ఏడుస్తున్నాడు.

ఇక అసలు సంగతికొస్తాను. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, మీకు గుర్తుండే ఉంటుంది. ఆ వారంలో ఒక పొద్దున మా ఆయన ఏడింటికే ఆటో తీశాడు. ఎంతమంది పిల్లలు ఎక్కారో రాయను, రవాణా శాఖ వాళ్లు కూడా చదువుతారు కదా. రెండు పక్కలా టార్పాలిన్ కట్టాడు. అయినా వాన జల్లు లోపలికి కొడుతూనే ఉంది. ఇరవై నిమిషాల తర్వాత ఫోన్లకు మెసేజ్ వచ్చింది, ఈ రోజు సెలవు అని. అప్పటికి ఆటో స్కూలు గేటు ముందుంది. గేటుకు తాళం. వాచ్‌మన్ గొడుగు కింద నుంచే చెయ్యి ఊపాడు.

మళ్లీ ఎవరి పిల్లల్ని వాళ్ల ఇంటి దగ్గర దింపుకుంటూ వచ్చాడు. రెండిళ్లకు తాళాలు వేసున్నాయి, తల్లిదండ్రులు పనులకు వెళ్లిపోయారు. ఒక పాపకు వాళ్లమ్మ నంబరు వచ్చు. ఇంకో బాబుకు రాదు. వాడి బ్యాగులో డైరీ తీస్తే నంబరు రాసిన పేజీ తడిసి సిరా అంతా పాకిపోయింది. ఇద్దర్నీ మా ఇంటికే తీసుకొచ్చాడు. మా అత్తయ్య తల తుడిచి, మా పిల్లల బట్టలు తొడిగి, చారన్నం పెట్టి పడుకోబెట్టారు. ఆ బాబు తల్లి మధ్యాహ్నం రెండింటికి మెసేజ్ చూసుకుని, స్కూలుకు పరుగెత్తి, అక్కడెవరూ లేక, ఏడుస్తూ మా గుమ్మంలోకొచ్చింది. ఆవిడ మా ఆయన్ను ఒక్క మాట కూడా అనలేదు. నేనైతే అనేదాన్ని.

సెలవు ఇచ్చేది కలెక్టర్ గారు, మీరు దాన్ని బడులకు చేరవేస్తారు. వాతావరణ శాఖ ఏం చెబుతుందో చూడందే నిర్ణయించలేరు. తొందరపడి సెలవిస్తే తెల్లారి ఎండ కాయొచ్చు, అప్పుడు జనం నవ్వుతారు, ఆ పనిదినాన్ని మళ్లీ ఏ రెండో శనివారమో పూడ్చుకోవాలి. ఇవన్నీ నాకూ అర్థమవుతాయి. కానీ ముందే చెప్పడం చేతకాని పనేం కాదు. 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుపాను వచ్చినప్పుడు సెలవుల సంగతి ముందే చెప్పారు. మా ఆయన ఆటోకు కవరు కట్టుకుని నిశ్చింతగా ఇంట్లో పడుకున్నాడు. మొంథాకు ముందే చెప్పగలిగినవాళ్లు, మిగతా తుపాన్లకూ వాయుగుండాలకూ ఎందుకు చెప్పలేరు?

నేనడిగేది ఇది. సాయంత్రం ఏడింటికల్లా సెలవో కాదో తేల్చండి. తేలకపోతే ‘ఇంకా తేలలేదు, పొద్దున ఐదున్నరకు చెబుతాం’ అని ఆ మాటే చెప్పండి. ఐదున్నరకు తెలిస్తే ఆటో కదలదు, కూలికెళ్లే తల్లి పిల్లల్ని ఎవరింట్లోనో ఒప్పజెప్పి వెళుతుంది. ఏడుంబావుకు తెలిస్తే ఎవరికీ ఉపయోగం లేదు.

ఆ మాట ఎక్కడ చెప్పాలంటే, ప్రభుత్వం వాట్సాప్ సేవ, మన మిత్ర ఉంది కదా. 2025 జనవరి 30న మొదలుపెట్టారు, ఫిబ్రవరిలో ఇంటర్ హాల్ టికెట్లు వాట్సాప్‌లోనే ఇచ్చారు. ఇంటర్ పిల్లవాడికి హాల్ టికెట్ పంపగలిగితే ఒకటో తరగతి పిల్లవాడి వాన సెలవు పంపడం ఎంతసేపు? ఒకచోట అధికారికంగా కనిపిస్తే ఈ దొంగ సర్క్యులర్ల బెడద కూడా వదులుతుంది. వాన మబ్బు పట్టిందంటే చాలు, సంతకం, స్టాంపుతో సహా సెలవు ఉత్తర్వు గ్రూపుల్లో తిరుగుతుంది. అందులో తేదీ చూస్తే రెండేళ్ల కిందటిది.

సంక్రాంతి సెలవులు మరో తలనొప్పి. అకడమిక్ క్యాలెండర్‌లో 2026 జనవరి 10 నుంచి 18 దాకా అని ఎప్పుడో వేశారు, బాబు బడికి ఆ సందేహం లేదు. పాప స్కూలు వాళ్లను అడిగితే ‘త్వరలో తెలియజేస్తాం’ అంటున్నారు. 2025 జనవరిలో 10 నుంచి 19 దాకా ఇచ్చారు. దానికి ముందు కూడా సెలవులు తగ్గిస్తారట అని పుకార్లు లేచి, వారం రోజులు అందరికీ అదే మాట. మా పుట్టిల్లు పలాస దగ్గర. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తున్నారు. జనవరి 10న బయల్దేరాలంటే నవంబర్ 11 పొద్దున ఎనిమిదింటికి టికెట్ తీయాలి. ఎనిమిదీ ఐదుకు చూస్తే వెయిటింగ్ లిస్టే. బడి కబురు జనవరి మొదటి వారంలో వస్తే నాకు మిగిలేది బస్టాండులో ఇద్దరు పిల్లలతో, అరిసెల డబ్బాతో నిలబడటం. ప్రైవేటు వాళ్లు మీ క్యాలెండర్ ప్రకారమే నడుస్తారా, లేక వేరే తేదీలు పెట్టుకుంటారా? ఏదైనా సరే, నవంబర్‌లోనే కాగితం మీద రాసిమ్మని వాళ్లకు చెప్పండి.

ఇంకోటి, కొంచెం కోపంగానే రాస్తున్నాను. చాలా స్కూళ్లలో ఏడాదంతా ఒక్కరోజు మానకుండా వచ్చిన పిల్లలకు బహుమతి ఇస్తారు. నిరుడు డిసెంబర్‌లో పాపకు జ్వరం వస్తే మానిపించాను. అది ఏడ్చింది, కప్పు పోతుందని. దాని పక్క బెంచీ పిల్ల జ్వరం మాత్ర వేసుకుని వచ్చి కూర్చుంది, ఆ వారం తిరిగేసరికి క్లాసులో సగంమంది దగ్గుతున్నారు. ఆ తల్లినేం అనగలం? కప్పు తెచ్చుకోమని చెబుతున్నది బడే కదా. జ్వరం తగ్గాక కూడా ఒక రోజు ఇంట్లో ఉంచి పంపండి అని బడే చెప్పాలి. ఆ కప్పు తీసేయమనండి. లేదంటే బాగా చదివిన వాళ్లకో, బాగా పాడిన వాళ్లకో ఇవ్వమనండి.

స్వెట్టర్ల సంగతి నవ్వొచ్చేదే కానీ డబ్బులతో ముడిపడింది. ప్రభుత్వ బడి పిల్లలకు ఇచ్చే విద్యార్థి మిత్ర కిట్‌లో బ్యాగు, బూట్లు, యూనిఫాం గుడ్డ అన్నీ వస్తాయి. స్వెట్టరు రాదు. పర్లేదు, మన చలికి రాకపోయినా ఫరవాలేదు. ప్రైవేటులో మాత్రం నేవీ బ్లూ స్వెట్టరే వేసుకోవాలి, అదీ వాళ్లు చెప్పిన షాపులోనే. పొద్దున తొడుక్కున్న పిల్ల పదకొండింటికి నడుముకు చుట్టుకుంటుంది, ఇంటర్వెల్‌లో ఎక్కడో పడేస్తుంది. పాప స్వెట్టరు వెతకడానికి వెళితే వరండా కిటికీలో ఏడు స్వెట్టర్లు కుప్పగా ఉన్నాయి. ఏడూ నేవీ బ్లూనే, ఒక్కదాని మీదా పేరు లేదు. చేతుల కఫ్ దగ్గర ముక్కు తుడుచుకున్న మరకను బట్టి మాది గుర్తుపట్టాను. ఇంటికి తెచ్చి కాలర్ లోపల ఎర్ర దారంతో రెండు కుట్లు వేశాను. పేరు రాయించండి అన్న ఒక్క ముక్క ముందే చెబితే మిగతా ఆరుగురు తల్లులకూ ఆ తిప్పలు తప్పేవి. ఏ రంగు స్వెట్టరైనా పర్లేదని మీరు చెబితే ఇంకా మేలు.

మాత్రల గురించి కూడా ఇంటికి చెప్పి ఇవ్వాలి. ఫిబ్రవరి 10న నులిపురుగుల మాత్ర, ఆల్బెండజోల్, పిల్లలందరికీ ఇస్తారు. ముందు రోజు రాత్రి ఒక ముక్క మెసేజ్ వస్తుంది, తల్లులు భయపడి పిల్లల్ని మానిపిస్తారు. అది చప్పరించి నమిలే మాత్ర అనీ, ఆ రోజు రాని పిల్లలకు మళ్లీ ఇంకో రోజు ఇస్తారనీ నాకు చెప్పింది ఆశా అమ్మాయి, బడి కాదు. వారం వారం ఇచ్చే గులాబి రంగు ఐరన్ మాత్ర కూడా అంతే. అది వేసుకుంటే విరేచనం నల్లగా వస్తుందని తెలియక మా అత్తయ్య బాబును ఆసుపత్రికి తీసుకెళ్లబోయారు. వారంలో మూడు పొద్దుళ్లు ఇచ్చే రాగిజావ మాత్రం ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో గ్లాసును మా బాబే గుర్తుపెట్టుకుని బ్యాగులో వేసుకుంటాడు.

డిసెంబర్‌లో భవానీల దీక్ష విరమణ ఉంటుంది. కార్తీకంలో మాల వేసుకున్న వాళ్లంతా ఇంద్రకీలాద్రికి వస్తారు, లక్షల మంది. పోలీసులు వన్ టౌన్ వైపు ట్రాఫిక్ మళ్లిస్తారు, ఆ సంగతి పేపర్లోనూ వేస్తారు. అయినా ఆ రోజుల్లో కూడా ఎనిమిదిన్నరకే గేటు వేసి, ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని ఎండలో నిలబెట్టే స్కూళ్లున్నాయి. చిట్టినగర్ వైపు నుంచి వచ్చే ఏడేళ్ల పిల్ల భవానీల మధ్యలోంచి ఎగిరి రాలేదు కదా. ఆ నాలుగైదు రోజులు అరగంట వెసులుబాటు ఇమ్మని మీరొక మాట అంటే సరిపోతుంది. పొగమంచు దట్టంగా ఉన్న పొద్దుళ్లకూ అదే మాట. వారధి మీద ముందున్న లారీ వెనక లైట్లు కూడా కనపడవని మా ఆయన అంటాడు. అయినా తాళం పడుతుందని వేగంగా తోలతాడు. అతనికి నేను చెప్పాను, వినడు. గేటు తాళం తీస్తే వింటాడు.

గాలిపటాల నైలాన్ మాంజా గురించి పిల్లలకు సెలవులకు ముందు చెప్పించండి. 2017లోనే హరిత ట్రిబ్యునల్ నిషేధించింది, అయినా అడిగితే దొరుకుతోంది. భోగి మంటలో టైర్లు వేయొద్దని పిల్లలు చెబితే పెద్దవాళ్లు కాస్త వింటారు.

ఇవన్నీ వేర్వేరు మెసేజ్‌లుగా వద్దు. ఒకే కాగితం, తెలుగులో, పెద్ద అక్షరాలతో. సర్కారు బడికైనా ప్రైవేటుకైనా అదే కాగితం. తలుపు వెనక మేకుకు గుచ్చి ఫిబ్రవరి దాకా ఉంచుకుంటాం. ఇంగ్లీషులో కూడా కావాలంటే వెనక పేజీలో వేసుకోమనండి. మా బాబు ఇప్పుడు గుణింతాలు దాటాడు, కూడబలుక్కుని చదువుతాడు. ‘సెలవు’ అన్న మాట అయితే కూడబలుక్కోకుండానే చదివేస్తాడు.

2025 నవంబర్ 11 మంగళవారం. ఆ పొద్దున మా ఆయన పిల్లల్ని స్కూలు దగ్గర దింపేసి, ఎనిమిదింటికి ఆటో పక్కన ఆపుకుని, ఫోను పట్టుకుని పలాస టికెట్ల కోసం కూర్చుంటాడు. ఆలోపు పాప స్కూలు వాళ్ల చేత తేదీ చెప్పించండి. మిగతావి నెలాఖరుకు చూసినా ఆగుతాను.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి,
కృష్ణలంక, విజయవాడ