బాబిన్ మారినప్పుడల్లా ఓ నడక

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో '21 రోజుల్లో కొత్త అలవాటు' అని వేశారు. ఐదింటికే లేవాలి, గంటసేపు నడవాలి, అన్నం మానేయాలి, 21 రోజులు ఇలా చేస్తే ఇక జీవితాంతం దానంతటదే జరిగిపోతుందని రాశారు. నేను కంచరపాలెంలో టైలర్‌ని. వయసు 52. షుగర్ వచ్చి ఆరేళ్లయింది. అలాంటి 21 రోజులు ఇప్పటికే మూడుసార్లు చూశాను కాబట్టి ఈ ఉత్తరం.

మొదటిసారి కొత్త బూట్లు కొనుక్కుని మరీ ఆర్కే బీచ్‌కి వెళ్లాను. పొద్దున్న పూట బీచ్ రోడ్డులో బళ్లు ఆపేసి నడిచేవాళ్లకు వదిలేస్తారు, సముద్రపు గాలి, బాగానే ఉంటుంది. కానీ మా ఇంటి నుంచి అక్కడికి ఆటోలో పోవాలి. నడవడానికి ఆటో ఎక్కడమేంటని మా ఆయన ఒకటే నవ్వు. 23 రోజులు వెళ్లాను, అంటే మీ లెక్క దాటాను. తర్వాత మా ఆడపడుచు కూతురి పెళ్లికి నాలుగు రోజులు పోయాయి. ఐదో రోజు లేవలేదు. ఆ బూట్లు ఇప్పటికీ మంచం కిందే ఉన్నాయి.

రెండోసారి జిమ్‌కి మూడు నెలల డబ్బు ఒకేసారి కట్టాను, దాని గురించి రాయడం దండగ. మూడోసారి ఇంటిల్లిపాదికీ రెండు పూటలా చోడి (రాగి) అంబలే. చోళ్లు మంచివే, మా అమ్మమ్మ కాలంలో అదే తిండి. కానీ పన్నెండో రోజున మా అబ్బాయి గిన్నె పక్కకు నెట్టి "నీకు షుగరైతే మాకెందుకమ్మా అంబలి?" అన్నాడు. వాడన్నదీ నిజమే. మధ్యలో ఒక ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ కూడా చేశాను, 32 కిలోమీటర్లు. అప్పన్న దయవల్ల పూర్తయింది. తర్వాత ఐదు రోజులు కాళ్లకు నూనె రాసుకుంటూ కూర్చున్నాను. షుగర్ మాత్రం కదల్లేదు.

ఇక నిలిచిన అలవాటు సంగతి. మిషన్ ముందు కూర్చుంటే లేవబుద్ధి కాదు. అందుకని పొద్దున్నే పది పన్నెండు బాబిన్లకు రకరకాల రంగుల దారం చుట్టి, సొరుగులో సర్దుకునేదాన్ని. ఒక జాకెట్టు అయిపోగానే చెయ్యి కిందకు పెట్టి ఇంకో రంగు బాబిన్ తీసి, కేసులో వేసి, దారం పైకి లాగి మళ్లీ మొదలు. మధ్యాహ్నం భోజనం దాకా కుర్చీ వదిలేది లేదు. పనిలో నా తెలివి అనుకున్నదే ఒంటికి చేటయింది. ఏడాది కిందట సొరుగు ఖాళీ చేసి, బాబిన్ల డబ్బా తీసుకెళ్లి వంటింటి అటక మీద పెట్టాను. జాకెట్టు అయిపోతే చెప్పులేసుకుని వీధి చివరి రామాలయం దాకా గబగబా వెళ్లి రావాలి. వచ్చాకే కొత్త బాబిన్. రానూపోనూ ఆరు నిమిషాలు. రోజుకు ఐదు జాకెట్లంటే అరగంట. "ఏటి పిన్నీ, అస్తమానూ ఎక్కడికెళ్తన్నావు?" అని కిరాణా కొట్టు కుర్రాడు అడిగేవాడు. ఇప్పుడు అడగడం మానేశాడు.

పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడక లాంటి ఒంటి శ్రమ ఏదైనా చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక్కో విడత పది నిమిషాలకు తగ్గకూడదన్న పాత షరతును 2020లో తీసేశారు కూడా. మా అమ్మాయి ఫోన్లో చదివి వినిపించింది. మీ 21 రోజుల మాట ఎక్కడిదో కూడా అదే వెతికింది. 1960లో అమెరికాలో ఒక ప్లాస్టిక్ సర్జన్, ఆపరేషన్ అయినవాళ్లకు తమ కొత్త ముఖం అలవాటు కావడానికి కనీసం 21 రోజులు పడుతోందని రాశాడట. ముక్కు సరిచేయించుకున్నవాళ్ల లెక్క తెచ్చి నా మోకాళ్లకు అంటగడితే ఎలాగండీ? లండన్‌లో 96 మందితో చేసిన పరిశోధనలో కొత్త అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉందట. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా అందులోనే తేలింది. ఆ మాట ముందే తెలిసుంటే బూట్లు మంచం కిందకు పోయేవి కావు.

నాదీ సాఫీగా సాగలేదు. మూఢం వచ్చి పెళ్లిళ్లు ఆగిపోయాయి. జాకెట్లు లేవు, బాబిన్ మార్చే పని లేదు, నడకా లేదు. రెండు వారాలు అలాగే కూర్చున్నాక తెలివొచ్చింది. అప్పటినుంచి పొద్దున్న కొళాయి నీళ్లు పట్టడం అయిపోగానే బిందెలు లోపల పెట్టి ఒక చుట్టు తిరుగుతున్నాను. మూఢమైనా శుభలగ్నమైనా కొళాయి రావాల్సిందే కదా. టీలో పంచదార రెండు చెంచాల నుంచి అర చెంచాకు దించడానికి ఐదు నెలలు పట్టింది. మూడు నెలల సగటు చూసే పరీక్షలో షుగర్ 8.9 శాతం నుంచి 7.4కి వచ్చింది. మాత్రలు యథాప్రకారం వేసుకుంటున్నాను, అవి మానమని డాక్టరుగారు చెప్పలేదు, నేనూ అడగలేదు.

మీ పేజీలో ఈసారి ఏడాది దాటినా అలవాటు వదలనివాళ్లను అడిగి రాయండి. వంటమనుషులు, ఆటోవాళ్లు, రోజంతా కొట్లో నిలబడేవాళ్లు, అందరినీ అడగండి. ఇంకో చిన్న సంగతి. మా రామాలయం దగ్గర కాలువ మీద పలక విరిగి మూడు నెలలైంది. చీకటి పడితే కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని దాటుతున్నాను. బీచ్‌లో నడిచేవాళ్లకు రోడ్డే ఖాళీ చేసి ఇస్తున్నారు, మాకు ఆ ఒక్క పలక వేయిస్తే చాలు.

ఇట్లు,
ఒక టైలరు, కంచరపాలెం, విశాఖపట్నం