అసల్ ఉత్తర్ బల్లకు తలా ఒక చెయ్యి వేసిన అందరికీ కృతజ్ఞతలు

ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పుతో అసల్ ఉత్తర్ యుద్ధభూమి బల్ల సిద్ధమైంది. 1965 సెప్టెంబరు 8 నుంచి 10 దాకా పంజాబులో ఖేమ్‌కరణ్ దగ్గర భారత్, పాకిస్తాన్ సేనల మధ్య జరిగిన ట్యాంకుల పోరు ఇది. తిరుపతిలో, చిత్తూరులో చిన్న బొమ్మలతో యుద్ధాలు ఆడుకునే మా గుంపు దగ్గర ఇంత బల్లకు కావలసిన పనితనం గానీ, సామాను గానీ లేవు. అడిగినవాళ్లు కాదనలేదు, అడగనివాళ్లు కూడా వచ్చి చేశారు. పేర్లు వద్దని చాలామంది అన్నారు కాబట్టి పేర్లు లేకుండా, ఎవరు ఏం చేశారో, దానివల్ల ఏం కుదిరిందో రాస్తున్నాం. ఇలాంటి బల్ల చేయాలనుకునేవాళ్లకు కొలతలు కూడా పనికొస్తాయి.

మొదటి నమస్కారం కెప్టెన్ సార్‌కు. ట్యాంకు రెజిమెంటులో సవారుగా, అంటే మామూలు సిపాయిగా చేరి, రిసాల్దార్ మేజర్ దాకా ఎదిగి, ఆనరరీ కెప్టెన్ హోదాతో రిటైరై తిరుపతిలో స్థిరపడ్డారు. సైన్యంలో ఏ దాడికైనా, విన్యాసానికైనా ముందు నేల మీద శాండ్ మోడల్ వేస్తారు. ఇసుకతో గట్లు, నీలం పొడితో కాలువలు, రంగు వేసిన రంపపు పొట్టుతో పొలాలు, అగ్గిపుల్లలకు కాగితం జెండాలు. దాని చుట్టూ నిలబెట్టి ఆర్డర్లు చెబుతారు. ఆ పద్ధతిని సార్ మా బల్ల మీదికి తెచ్చారు. ఆట మొదలయ్యే ముందు ఉత్తరం ఎటో చూపించి, నేల గురించి, శత్రువు గురించి, మన బలగం గురించి చెప్పి, ఆ తర్వాతే పని అప్పగిస్తారు. సరిహద్దు గీతలకు ముగ్గు రంగులే వాడతాం. ఆట అయ్యాక మెత్తటి కుంచెతో ఊడిస్తే పోతాయి. పసుపు రంగు మాత్రం తడి తగిలితే మరక పడుతుంది, దాన్ని పక్కన పెట్టేయండి.

రంపపు పొట్టుకు రంగు పట్టించడం కూడా సార్ నేర్పిందే. తెల్ల చెక్క పొట్టు తీసుకుని టీ జల్లెడతో జల్లించాలి. రెండు కప్పుల పొట్టుకు అర కప్పు నీళ్లలో కలిపిన అక్రిలిక్ రంగు చాలు. చేత్తో పిసికి, పాత పేపర్ల మీద నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే పైన ఆరి లోపల గడ్డ కడుతుంది. టేకు పొట్టు వద్దు, ఆకుపచ్చ ఎంత వేసినా నల్లగానే ఉంటుంది.

బల్ల చట్రం మాధవమాల వైపు నుంచి వచ్చిన ఆచారి గారిది. కొయ్య శిల్పాలు చెక్కే చేతులు మా ప్లైవుడ్ పనికి వచ్చాయి. నాలుగడుగులకు మూడడుగుల ముక్కలు రెండు, 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, కింద రెండంగుళాల రీపర్ల చట్రం. కలిసే అంచుకు రెండు చెక్క చీలలు, రెండు బోల్టులు రెక్క నట్లతో. పైవైపు ఫెవికాల్, ఇసుక పూసేముందే కిందివైపు కూడా రంగు వేయాలని ఆయన పట్టుబట్టారు. ఒకవైపే తడి జిగురు పడితే, అది ఆరేటప్పుడు లాక్కుని పలక వంగుతుంది. మధ్య అతుకులో కొద్దిగా తేడా వచ్చినా ట్యాంకు బొమ్మ అక్కడ తట్టుకుంటుంది. ఆయన మాట విన్నందుకు మా అతుకు కనపడదు.

గట్లకు, రోడ్డు కట్టలకు థర్మకోల్ వాడాం. దాని మీద స్ప్రే డబ్బా రంగు నేరుగా కొట్టకూడదు. అందులోని ద్రావకం థర్మకోల్‌ను తినేసి గుంటలు పెడుతుంది. ముందు ఫెవికాల్, నీళ్లు సమానంగా కలిపి రెండు పూతలు వేసి, ఒక రాత్రి ఆరనిచ్చి, ఆపైన నీళ్ల రంగులే కుంచెతో వేయాలి. నేల రంగు విషయంలో మన కళ్లు మనల్ని మోసం చేస్తాయి. చిత్తూరు జిల్లాలో పెరిగినవాళ్లకు మట్టి అంటే ఎర్రమట్టే. ఖేమ్‌కరణ్ నేల నదులు తెచ్చి పోసిన ఒండ్రు, బూడిద కలిసిన గోధుమ రంగు. రా అంబర్ రెండు పాళ్లు, ఎల్లో ఓకర్ ఒక పాలు, తెలుపు ఒక పాలు కలిపితే ఆ నేల వచ్చింది. తడి చోట్ల తెలుపు వేయలేదు.

ఇక చెరుకు. ఈ యుద్ధంలో చెరుకు తోటలు, కాలువ నీళ్లు వదిలి తడిపిన పొలాలే సగం సైన్యం. భారత సేన గుర్రపు నాడా ఆకారంలో కాచుకుని, తోటల్లో ట్యాంకులు దాచి, పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులు లోపలికి వచ్చాక దగ్గర నుంచి కొట్టింది. కాబట్టి తోటలు సరిగా లేకపోతే ఈ ఆటే లేదు. ఇక్కడ మమ్మల్ని నిలబెట్టింది పూతలపట్టు వైపు చెరుకు పండించి, సొంత గానుగలో బెల్లం వండే అన్న.

బొమ్మలు 1/100 కొలతవి. రెండున్నర మీటర్ల చెరుకు అంటే 25 మిల్లీమీటర్లు. భారత సేన ట్యాంకు సెంచూరియన్ ఎత్తు మూడు మీటర్లు, అంటే 30. తోటలో ఉన్న ట్యాంకుకు టరెట్ (ఫిరంగి ఉండే తిరిగే పైభాగం) నెత్తి మాత్రమే పైకి కనపడాలి. పెద్ద షాపుల్లో దొరికే పచ్చ ప్లాస్టిక్ గడ్డి దీనికి పొట్టి, పైగా మెరుస్తుంది. కొబ్బరి పీచు డోర్‌మ్యాటే సరైనది. సబ్బునీళ్లతో కడిగి రెండు రోజులు ఆరబెట్టాలి, లేకపోతే దుమ్ము మీద రంగు నిలవదు. వెనకవైపు నుంచి బ్లేడుతో కోయాలి, ముందు నుంచి కోస్తే పీచు మొత్తం రాలుతుంది. కోసిన అంచులకు వెంటనే ఫెవికాల్ పట్టించాలి. తర్వాత 25 మిల్లీమీటర్లకు కత్తిరించి, ముదురు ఆకుపచ్చ వేసి, కొనలకు మాత్రం పసుపు కలిసిన లేత ఆకుపచ్చ పొడి కుంచెతో తాకించాలి.

మేం దాన్ని గడ్డి చాపలా పరిచేశాం. అన్న చూసి, సాళ్లు ఏవని అడిగారు. మూడడుగులకు ఒక సాలు, అంటే బొమ్మ కొలతలో తొమ్మిది మిల్లీమీటర్లు. మ్యాటును సన్నటి పట్టీలుగా కోసి, ఆ దూరంలో అతికించాక అది చెరుకు తోట అయింది. సాళ్ల వెంబడి చూస్తే లోపలిదాకా కనిపిస్తుంది, అడ్డంగా చూస్తే గోడలా ఉంటుంది. అది ఆటలో కూడా నియమమైంది. సాలు వెంబడి నాలుగంగుళాలు, అడ్డంగా రెండంగుళాలు మాత్రమే చూపు.

నేల కొలత బొమ్మ కొలతకు వేరని కొత్తవాళ్లు గమనించాలి. మా బల్ల మీద అంగుళం అంటే 50 మీటర్లు. బొమ్మ కొలతలోనే నేలను కూడా వేస్తే కిలోమీటరుకు పది మీటర్ల బల్ల కావాలి.

అన్న చెప్పిన ఇంకో మాట మొత్తం ఆటను మార్చింది. నీళ్లు పెట్టిన చెరుకు తోటలో పైకి ఏమీ తెలియదు. నీడకు నేల ఆరదు, అడుగు పెట్టాకే దిగబడుతుంది. ట్రాక్టరు ఒకసారి వెళ్లిన గాడిలోనే రెండోది వెళితే ఇంకా లోతుకు పోతుంది. అందుకే తోటలన్నీ ఎత్తి తీయగలిగే మూతల్లా చేశాం. ఒక్కో తోట ఆరంగుళాలకు నాలుగంగుళాలు. కింద నేల కొన్నింటికి పొడిగా, కొన్నింటికి తడిగా ఉంటుంది. ఏది ఏదో అంపైరుకే తెలుసు. ట్యాంకు లోపలికి వచ్చాక ఆయన మూత ఎత్తి చూసి పాచిక వేయమంటారు. తడి నేలలో 1, 2 పడితే దిగబడినట్టు. ముందు బండి గాడిలోనే వస్తే 3 పడినా దిగబడినట్టే. బయటపడాలంటే తర్వాతి వంతుల్లో 5 గానీ 6 గానీ పడాలి. ప్యాటన్లు నడిపేవాళ్లు ఇప్పుడు ఒకదాని వెనక ఒకటి రావడం మానేసి విడివిడిగా వస్తున్నారు, అక్కడే చాటున ఉన్న సెంచూరియన్లకు వాటి పక్క భాగం గురికి దొరుకుతోంది.

తడి నేలకు ఎపాక్సీ రెజిన్ వాడేవాళ్లు ఒక్క పూత మూడు మిల్లీమీటర్లు దాటనివ్వకండి. మన ఎండల్లో అది తొందరగా గట్టిపడుతూ వేడెక్కి కింద థర్మకోల్‌ను కరిగిస్తుంది. గట్టిపరిచే ద్రవం ఎక్కువైతే త్వరగా ఆరుతుందనుకోవడం తప్పు, జిగట ఎప్పటికీ పోదు. సీసా మీద ఉన్న పాళ్లు తూకం వేసి కలపాలి. చిన్న తడి మడులకు హార్డ్‌వేర్ షాపులో దొరికే పాలీయురేతేన్ వార్నిష్ పలచగా నాలుగు పూతలు చాలు. కొంచెం పసుపెక్కుతుంది, బురద నీటికి అది మంచిదే.

ట్యాంకులు తిరుపతిలో ఇంజనీరింగ్ చదివే తమ్ముళ్లు రెజిన్ ప్రింటరులో తీసి ఇచ్చారు. ప్యాటన్లు 18, సెంచూరియన్లు 6, షెర్మన్లు 6, ఏఎంఎక్స్-13లు 3, ట్యాంకులను కొట్టే రీకాయిల్‌లెస్ గన్ను జీపులు 3. అసలు యుద్ధంలో భారత రెజిమెంట్లలో సెంచూరియన్లు 3వ క్యావల్రీవి, షెర్మన్లు దక్కన్ హార్స్‌వి, ఏఎంఎక్స్‌లు 8వ క్యావల్రీవి. దక్కన్ హార్స్ మూలాలు మన హైదరాబాదువే. ప్రింటు పొర మందం 0.05 మిల్లీమీటర్లు. హల్ (ట్యాంకు కింది ఒళ్లు) బోలుగా తీస్తే అడుగున మూడు మిల్లీమీటర్ల రంధ్రాలు రెండు ఉండి తీరాలి. ఒక్కటే ఉంటే గాలి ఆడక లోపలి పచ్చి రెజిన్ బయటికి రాదు, కొన్ని నెలలకు బొమ్మ పగిలి కారుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కడిగి, పూర్తిగా ఆరాకే యూవీ వెలుతురులో పెట్టాలి. ఎక్కువసేపు పెడితే ఫిరంగి గొట్టాలు పెళుసై విరుగుతాయి. చేతులు పడే బల్ల కాబట్టి ప్యాటన్ల గొట్టాలు కోసేసి, చేతి డ్రిల్లుతో రంధ్రం చేసి స్టీలు గుండుసూదులు పెట్టారు. అది ఓపిక పని, ఒక్కటి కూడా వంకర లేదు.

కాల్బలానికి రంగులు వేయడంలో శ్రీకాళహస్తి కలంకారీ అక్క చెయ్యి పడింది. 15 మిల్లీమీటర్ల సైనికుడికి ముఖంలో కన్ను గీయొద్దన్నది ఆమె మొదటి సలహా. మూడడుగుల దూరం నుంచి చూసే బొమ్మకు కళ్లకన్నా బెల్టుకు, చొక్కాకు మధ్య నల్లటి గీత ముఖ్యం. కలంకారీలో ముందు నల్ల గీత, తర్వాతే రంగు. ఆ వరసే ఇక్కడా పెట్టారు. ఆలివ్ గ్రీన్ అందరికీ ఒకే ఛాయ వేయకుండా కొందరికి కొద్దిగా లేత గోధుమ రంగు కలపమన్నది కెప్టెన్ సార్. ఉతికిన బట్టలు భుజాల దగ్గర, మోకాళ్ల దగ్గర వెలుస్తాయి. హెల్మెట్ మీద వల నీడ వాష్‌తో, అంటే బాగా పలచన చేసిన రంగుతో వస్తుంది. చివర మ్యాట్ వార్నిష్ స్ప్రే మాత్రం నవంబరు వానల్లో కొట్టకండి, గాలిలో తేమకు బొమ్మ మీద తెల్లటి పొగ పడుతుంది. ఆ రోజుల్లో కుంచెతోనే వేయండి.

106 మిల్లీమీటర్ల రీకాయిల్‌లెస్ గన్ను నియమం సార్ చేతిదే. 4వ గ్రెనేడియర్స్‌కు చెందిన అబ్దుల్ హమీద్ జీపు మీది ఆ గన్నుతో ప్యాటన్లను కొట్టి, సెప్టెంబరు 10న అమరుడై పరమవీర చక్ర పొందారు. ఆ గన్ను పేలితే వెనక్కి మంట, దుమ్ము లేస్తాయి. ఎక్కడి నుంచి కొట్టారో శత్రువుకు వెంటనే తెలుస్తుంది. కాబట్టి పేల్చిన చోట దూది ముక్క పెడతాం. ఆ వంతులోనే జీపు ఆరంగుళాలు కదలొచ్చు. కదలకపోతే దాన్ని కొట్టేవాళ్లకు పాచిక మీద ఒకటి కలుస్తుంది. కుర్రవాళ్లు జీపును ఒకచోటే ఉంచి వరసగా పేల్చాలని చూస్తారు. రెండు వంతులు ఆడాక హమీద్ చోటు ఎందుకు మారుస్తూ పోయారో వాళ్లకే తెలుస్తుంది.

పాత సైనికుల గురించి ఒక మాట, ఎందుకంటే ఈ కృతజ్ఞతలో పెద్ద భాగం వాళ్లదే. పలమనేరు, మదనపల్లె నుంచి సార్ పాత సహచరులు వస్తున్నారు. ఈ ఆటలో మాజీ సైనికులు ముందునుంచీ ఉన్నారు. ఇంగ్లండులో దీన్ని నలుగురిలోకి తెచ్చిన డోనాల్డ్ ఫెదర్‌స్టోన్ రెండో ప్రపంచ యుద్ధంలో ట్యాంకు దళంలో పనిచేశారు, బ్రిగేడియర్ పీటర్ యంగ్ కమాండో. ఆట అయిదారు గంటలు సాగుతుంది. బల్లకు అటూ ఇటూ నిలబడి నేల గురించే మాట్లాడుతూ ఉంటే, సర్వీసు మాటలు వాటంతట అవే వస్తాయి. రానప్పుడు తవ్వకూడదు. "ఎంతమందిని చంపారు" అనే ప్రశ్న మా బల్ల దగ్గర ఎవరూ అడగరు. ఏ పక్షం ఆడాలో, అంపైరుగా ఉండాలో ముందు వాళ్లనే అడుగుతాం. తన స్నేహితులు పోయిన యుద్ధాన్ని ఆడలేననేవాళ్లు ఉంటారు, అది పూర్తిగా సబబు. వాళ్ల కోసం 1780లో హైదర్ సేన ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ సేనను ఓడించిన పొల్లిలూరు యుద్ధం సైన్యాలు వేరే పెట్టెలో ఉన్నాయి. హైదర్, టిప్పుల రాకెట్లు, పేలిపోయే కంపెనీ సేనాని బెయిలీ మందుగుండు బళ్లు. హైదర్ అలీ 1782 డిసెంబరులో కన్నుమూసింది మన చిత్తూరు పక్కన నరసింగరాయనిపేటలోనే కాబట్టి, ఆ పెట్టె తెరిస్తే మాటలకు కొదవ లేదు.

మదనపల్లె నుంచి వచ్చే హవల్దార్ గారు మొదట చూడటానికే వచ్చారు, ఇప్పుడు చెట్లన్నీ ఆయనవే. విప్పిన రాగి తీగ మెలితిప్పి కాండం, పాత స్పాంజి తురిమి ఆకు. ఆయన రాని రోజున కుర్రవాళ్లే ఫోన్ చేసి ఎందుకు రాలేదో కనుక్కుంటున్నారు. అలా కనుక్కుంటున్న ప్రతి తమ్ముడికీ మా నమస్కారం.

తిరుపతి బైరాగిపట్టెడలో మేడ మీది గది మాకు వదిలేసి, రోజంతా కాఫీలు, మధ్యాహ్నం రాగి సంగటి పెట్టిన అమ్మకు ఏం చెప్పినా తక్కువే. బల్లలో ఒక సగం ఆ గదిలో, రెండో సగం చిత్తూరులో ఉంటాయి. మోసుకురావడానికి బొమ్మల పెట్టెల అడుగున ఇనుప రేకు, బొమ్మల కింద మ్యాగ్నెట్ షీటు అంటించాం. బండి మీద తెచ్చినా ఒక్కటీ కదలదు. ఆడాలనుకునేవాళ్లు వారం ముందు చెప్పండి, చిత్తూరు సగం రావాలి కదా. దాన్ని తన టెంపోలో ఉచితంగా తెచ్చి, తీసుకెళ్లి, చెదలు పట్టకుండా మందు కొట్టించి పెడుతున్నది ఆ పూతలపట్టు అన్నే. అన్నా, నీకు మరోసారి ధన్యవాదాలు.