ఇక్కడ ఆడపిల్లలు లేరా అని అడిగినవాళ్లకు

సంపాదకుడు గారికి,

రెండు వారాల కింద మీ జిల్లా పేజీలో నేపాల్ వెళ్లి ఆడపిల్లలకు పాటలు, నాటకాలు నేర్పుతున్న హనుమకొండ అమ్మాయి గురించి వార్త వేశారు. చదివి ఊరుకుందామనే అనుకున్నాను. కానీ పబ్లిక్ గార్డెన్‌లో పొద్దున వాకింగ్‌కు వచ్చేవాళ్లు రోజుకొకరు ఆపి అదే అడుగుతున్నారు, "ఏం సార్, ఇక్కడ ఆడపిల్లలు లేరా, గంత దూరం పోవాల్నా?" అని. ఆ అమ్మాయి నా మేనకోడలు. నా ఇంటి పిల్ల కాబట్టి కోపం ఇంకాస్త ఎక్కువే వచ్చింది, దాచుకోను.

ముందుగా మీ విలేఖరి హెడ్డింగ్‌లో 'ట్రిప్' అని రాయడం తప్పు. ఆమె తొమ్మిది నెలలుగా అక్కడే ఉంటోంది. పశ్చిమ నేపాల్‌లో అఛాం జిల్లా, బస్సు దిగి బడి చేరాలంటే రెండు గంటలు కొండెక్కాలి. రెండు వారాలు ఉండి, పిల్లల భుజాల మీద చేతులేసి ఫొటోలు దిగి వచ్చేసే వాలంటీర్లు ఉన్నారని నాకూ తెలుసు. అలా పంపడానికి వేలకు వేలు ఫీజు తీసుకునే ఏజెన్సీలూ ఉన్నాయి. అందరినీ ఒకే గాటన కడితే ఎట్లా?

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. థియేటర్ ఆర్ట్స్‌లో ఎంఏ చేసి వచ్చిన ఏడాది ఆ పిల్ల మొదట తట్టింది ఇక్కడి తలుపులే. ఒక బాలికల గురుకులానికి వెంట నేనే వెళ్లాను. వారానికి రెండు గంటలు ఇవ్వండి, జీతం వద్దు, పిల్లలతో పాటలు కట్టిస్తాను, నాటకం వేయిస్తాను అని అడిగింది. ప్రిన్సిపాల్ గారు కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు, సిలబస్ కాలేదమ్మా, పైనుంచి ఆర్డర్ తెచ్చుకుంటే చూద్దాం అన్నారు. పైన అంటే జిల్లా ఆఫీసు. అక్కడ దరఖాస్తు తీసుకుని, ముద్ర వేసి, ఇన్‌వర్డ్ నంబర్ ఇచ్చారు. ఆ నంబర్ పట్టుకుని ఐదు నెలలు తిరిగాం. ఒకసారి సెక్షన్ క్లర్క్ సెలవు, ఒకసారి ఎలక్షన్ డ్యూటీ, ఇంకోసారి ఫైల్ హైదరాబాద్ పోయింది. చివరికి మీరు ఏ ఎన్జీవో తరఫున వచ్చారు, లెటర్‌ప్యాడ్ మీద రాసి తెండి అన్నారు. ఇష్టపడి పిలిచింది ఒకే ఒక్క ప్రైవేటు స్కూలు, అదీ యాన్యువల్ డేకు రెండు సినిమా పాటలకు స్టెప్పులు నేర్పమని. ఇక్కడ లేరా అని అడిగేవాళ్లు ఈ ఐదు నెలల్లో ఎక్కడున్నారు?

అక్కడ ఏం చేస్తోందో కూడా చెప్పాలి, మీ వార్తలో అది రెండు లైన్లకు మించి లేదు. అఛాం వైపు ఛౌపడీ అని ఒక ఆచారం ఉంది. నెలసరి వచ్చిన ఆడపిల్లను ఇంట్లో ఉండనివ్వరు, పశువుల కొట్టంలోనో చిన్న గుడిసెలోనో పడుకోవాలి. పాము కరిచి చచ్చిపోయినవాళ్లున్నారు, చలికి మంట వేసుకుంటే పొగకు ఊపిరాడక పోయినవాళ్లున్నారు. 2017లో చట్టం చేశారు, బలవంతంగా పంపితే 3 నెలల జైలు లేదా 3,000 నేపాలీ రూపాయల జరిమానా, లేదా రెండూ. పెళ్లి వయసు కూడా 20 ఏళ్లు చేశారు. చట్టం వచ్చినా ఆచారం పూర్తిగా పోలేదు. నెలకు నాలుగైదు రోజులు బడి పోతే ఆ పిల్ల లెక్కల్లో, ఇంగ్లీషులో వెనకబడుతుంది, వెనకబడ్డ పిల్లకు చదువెందుకని ఇంట్లో సంబంధాలు చూస్తారు. క్లాసులో పేరు అడిగితే తల దించుకునే పిల్ల చప్పట్ల మధ్య పాటలో పెట్టి అడిగితే ఎక్కం మొత్తం అంటది మామా, అని ఫోన్లో చెప్పింది నా మేనకోడలు.

వాళ్లు వేసేది కచహరీ నాటకం. బ్రెజిల్‌కు చెందిన అగస్టో బోవాల్ మొదలుపెట్టిన పద్ధతిని నేపాల్ నాటకం వాళ్లు తమకు తగ్గట్టు మార్చుకున్నారు. కథ సరిగ్గా కష్టం దగ్గర ఆగిపోతుంది. చూసేవాళ్లలో ఎవరైనా లేచి వచ్చి, ఆ పాత్రలో నిలబడి, తామైతే ఏం చేస్తారో చేసి చూపించాలి.

ఆమె పంపిన వీడియో ఎన్నిసార్లు చూశానో. బడి ముందు మట్టి నేల, ఒక మూల ఏడో తరగతి పిల్ల మాదల్, మన మద్దెల లాంటిది, వాయిస్తోంది. తండ్రి వేషం కట్టిన పిల్లకు కాటుకతో గీసిన మీసం చెమటకు సగం చెరిగింది. రేపట్నుంచి నీకు బడి లేదు అంటుంది. మాదల్ ఆగుతుంది. ఎవరూ లేవరు, చాలాసేపు ఎవరూ లేవరు. అప్పుడు వెనక వరసలోంచి ఒక ముసలామె నెత్తిన కొంగు సర్దుకుంటూ వచ్చి, తల్లి పాత్రలో ఉన్న పిల్లను చేత్తో పక్కకు జరిపి, ఆ మీసాల పిల్ల ఎదురుగా నిలబడి ఏదో అంది. నాకు నేపాలీ రాదు. మేనకోడలు కింద రాసి పంపింది: "నన్నూ ఇట్లనే ఆపిండ్రు. దీన్ని ఆపకు." నాటకం అయ్యాక పిల్లలంతా గుండ్రంగా తిరుగుతూ వంగి లేచి చప్పట్లు కొడుతుంటే నాకు పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మే కనిపించింది. ఆ అడుగు మన ఊరి నుంచి వెళ్లింది.

పాటతో చదువొస్తుందా అనేవాళ్లు ఆఫ్ఘనిస్తాన్ చూడండి. 2021లో తాలిబన్లు వచ్చాక ఆడపిల్లకు ఆరో తరగతి దాటి చదువు లేకుండా చేశారు, 2022 డిసెంబర్‌లో యూనివర్సిటీలూ మూశారు, సంగీతమూ బంద్. ఆడపిల్ల చదువును ఆపినవాళ్లే పాటనూ ఆపారంటే రెండింటికీ సంబంధం లేదంటారా? కాబూల్‌లో ఆడపిల్లలే వాయించే జోహ్రా ఆర్కెస్ట్రా ఉన్న సంగీత బడి పిల్లలు, టీచర్లు దేశం వదిలి పోర్చుగల్ చేరాల్సి వచ్చింది.

మట్టెవాడలో పుట్టిన నేరెళ్ల వేణుమాధవ్ గారు 1971లో ఐక్యరాజ్యసమితిలో మిమిక్రీ చేశారని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాం. వినడానికి ఇక్కడ జనం లేరా అని ఆయన్ను మనం అడగలేదు. ధూంధాం పాటలతో తెలంగాణ ఉద్యమం నడిపినవాళ్లం, ఒగ్గు కథలు వింటూ పెరిగినవాళ్లం, చిందు యక్షగానానికి గడ్డం సమ్మయ్య గారి రూపంలో 2024లో పద్మశ్రీ వస్తే పండగ చేసుకున్నవాళ్లం, మన ఆడపిల్ల ఆ విద్యనే పట్టుకుని పొరుగు దేశం వెళ్తే తప్పుపడతామా?

అధికారులకూ ఒక మాట. మన హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రానికి 2014లో పునాది రాయి పడితే తెరిచింది 2024 నవంబర్‌లో. పదేళ్లు ఆగి భవనం చూశాం, సంతోషమే. మరి బళ్లో పాట చెప్పే మనిషి ఏడీ? 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మంది దాటితే కళా విద్యకు పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్ ఉండాలని. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యాను, పని చేసిన ఏ బళ్లోనూ అలాంటి మనిషిని చూడలేదు. డ్రాయింగ్ పీరియడ్ వస్తే లెక్కల సారు తీసుకునేవారు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ సాంస్కృతిక సారథిలో వందల మంది కళాకారులున్నారు, వాళ్లతో పథకాల పాటలు పాడిస్తున్నారు. వారానికి ఒక్కరోజు వాళ్లను ఆడపిల్లల బళ్లకు పంపితే ఖజానాకు అదనంగా ఏం ఖర్చవుతుంది? 2022లో యునెస్కో లెర్నింగ్ సిటీల, అంటే అందరికీ నేర్చుకునే అవకాశమిచ్చే నగరాల, జాబితాలో వరంగల్ చేరినప్పుడు ఎన్ని ఫ్లెక్సీలు కట్టారో అందరం చూశాం.

దశైం సెలవులకు మేనకోడలు వస్తోంది, మనకు దసరా. ఆ ఇన్‌వర్డ్ నంబర్ ఉన్న కాగితం నా బీరువాలో భద్రంగా ఉంది. పండగ అయ్యాక ఆఫీసు తెరిచిన మొదటి రోజే ఇద్దరం దాన్ని పట్టుకుని వెళ్తాం. మీ విలేఖరిని కూడా పంపండి.

- రిటైర్డ్ తెలుగు పండిట్, బాలసముద్రం, హనుమకొండ