పదకొండంటే పాసా, ఫెయిలా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం అనుబంధంలో మనసు ఎలా ఉందో చూసుకోమని తొమ్మిది ప్రశ్నలు వేశారు. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. మొత్తం 10 వచ్చినా, దాటినా డిప్రెషన్ అని కింద పెట్టెలో రాశారు. మా అమ్మకు 73 ఏళ్లు. హిందూపురం నుంచి వచ్చి ఇక్కడ కె.ఆర్.పురంలో నా దగ్గరే ఉంటోంది. కళ్లజోడు పెట్టుకుని పెన్సిల్‌తో టిక్కులు కొట్టి, నన్ను కూడమంది. 11 వచ్చింది. "పదకొండంటే పాసా, ఫెయిలా మే?" అంది. ఆ రోజంతా ఆమెకు టెన్షనే.

ఆ 11 ఎక్కడివో చూడండి. నిద్రకు 3, నీరసానికి 3, ఆకలికి 2, కదలికలు నెమ్మదించినందుకు 2. రాత్రి నాలుగుసార్లు ఆమెను లేపుతున్నది షుగరు. నిదానంగా నడిపిస్తున్నవి మోకాళ్లు. దిగులుకు పడింది ఒకే ఒక్క మార్కు!

నేను పదకొండేళ్లుగా ఇంటింటి ఆరోగ్య సర్వేల్లో ప్రశ్నలు అడిగే పని చేస్తున్నాను. మీరు వేసినవి పీహెచ్‌క్యూ-9 ప్రశ్నలని చూడగానే తెలిసింది. అది డిప్రెషన్ కొలవడానికి 2001లో అమెరికాలో వచ్చిన స్కేలు, మొత్తం 27 మార్కులు. 10 వచ్చినా, దాటినా డాక్టరు కూర్చోబెట్టి వివరంగా మాట్లాడాలని అర్థం, అంతేగానీ జబ్బు తేలిపోయినట్టు కాదు. ముసలితనంలో ఒంటి బాధలు మనసు లెక్కలో కలిసిపోతాయని తెలిసే, 1980ల్లోనే పెద్దవాళ్లకు జీడీఎస్ అని వేరే స్కేలు చేశారు. నిద్ర, ఆకలి జోలికి పోకుండా 30 ప్రశ్నలు, జవాబు అవును లేదా కాదు. తర్వాత 15 ప్రశ్నలకు కుదించారు.

ఇక తెలుగు సంగతి. మీ రెండో ప్రశ్నలో 'నిరాశా నిస్పృహలు' అని ఉంది. ఒకసారి వైట్‌ఫీల్డ్ దగ్గర బిల్డింగ్ పనిచేసే మనవాళ్లకు ఇదే మాట ట్యాబ్‌లో చూసి చదివాను. ఒకాయన వెంటనే, "స్పృహ తప్పడమా? లేదక్కా, నేనెప్పుడూ పడిపోలా" అన్నాడు. ట్యాబ్‌లో సున్నా నొక్కాల్సి వచ్చింది. ఆయన అప్పటికి మూడు నెలలుగా ఊరికి ఫోన్ చేయడం మానేశాడని పక్కనున్నాయన చెప్పాడు. దానికి మా ఫారంలో గడి లేదు.

ఇలా కాకూడదనే ఇంగ్లీషు ప్రశ్నలను ఇద్దరు విడివిడిగా తెలుగు చేస్తారు. ఇంగ్లీషు ప్రతి చూడని ఇంకొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషులో రాస్తారు. ఆ తర్వాత నాలాంటివాళ్లం జనం ముందు కూర్చుని, "ఈ మాట వింటే మీకేమర్థమైంది?" అని అడగాలి. టైం లేదని చాలామంది ఎగ్గొట్టేది ఈ చివరి పనినే. నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనదీ అదే.

తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. మొత్తం 2 వచ్చినా సరే, ఆ ప్రశ్నకు సున్నా కాకపోతే ఎవరో ఒకరు వెంటనే మాట్లాడాలి. కూడికలో అది మునిగిపోతుంది. మనసు బాగోలేనివాళ్లు ఫోన్ చేసి మాట్లాడే ప్రభుత్వ సేవ టెలి మానస్ నంబరు 14416. తెలుగులోనూ మాట్లాడతారు. మీ పేజీలో ఎక్కడా కనిపించలేదు. వచ్చే ఆదివారం అదే చోట, పెద్ద అక్షరాల్లో వేయండి.

అమ్మ ఆ కాగితం మడిచి మందుల డబ్బాలో పెట్టుకుంది. వచ్చే నెల షుగరు డాక్టరుకు చూపిస్తుందట.

- ఒక పాఠకురాలు, బెంగళూరు