ప్రకటనకు ఎంత, సొంత పేజీకి ఎంత: ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టిన కూతురికి

అమ్మలూ,

నెలకు పాతిక వేలు గూగుల్ ప్రకటనలకు పెట్టాలా, లేక ఎస్‌ఈఓ, అంటే ప్రకటన లేకుండానే గూగుల్‌లో మన పేజీ పైకి వచ్చేలా చూసే పని, చేసేవాళ్లకు ఇవ్వాలా అని ఫోన్‌లో అడిగావు. ఒక్క మాటలో తేల్చేసే విషయం కాదు కాబట్టి అప్పుడు ఊరుకున్నాను. ఆ ఏజెన్సీ వాళ్లు ఇచ్చిన కాగితం నువ్వు వాట్సాప్‌లో పంపాక మొత్తం చదివాను. విజయవాడలో ఇన్నేళ్లుగా చిన్న చిన్న షాపులకు, క్లినిక్‌లకు వెబ్‌సైట్లు చేస్తున్నవాడిగా నాకు తెలిసింది రాస్తున్నా. ఖాళీగా ఉన్నప్పుడు నిదానంగా చదువు.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. మొదటి మూడు నాలుగు నెలలు ప్రకటనలకు కొంత డబ్బు పెట్టు. పాతిక వేలు అక్కర్లేదు, ఆరేడు వేలు చాలు. పేషెంట్లు రావడం ఒక లాభం. కాకినాడ చుట్టుపక్కల జనం నీలాంటి డాక్టర్ కోసం ఏ మాటలు టైప్ చేస్తున్నారో డబ్బిచ్చి తెలుసుకోవడం దానికంటే పెద్ద లాభం. తెలిసిన ఆ మాటలతోనే నీ సొంత పేజీలు రాసుకో, మ్యాప్స్‌లో నీ ప్రొఫైల్ నింపుకో. అవి నిలబడేకొద్దీ ప్రకటనలు తగ్గించుకుంటూ రా. బోరు పడేదాకా ట్యాంకర్ నీళ్లు కొనుక్కుంటాం కదా, అలా.

ఆ కాగితంలో ఒక వాక్యం దగ్గర నాకు కోపం వచ్చింది. "మా దగ్గర ప్రకటనలు కూడా తీసుకుంటే మామూలు ర్యాంకింగ్ కూడా పెరుగుతుంది" అని రాశారు. అది అబద్ధం. ప్రకటనకు ఇచ్చే డబ్బుకూ, కింద ఉచితంగా వచ్చే ఫలితాల వరసకూ సంబంధం లేదని గూగుల్ తనే స్పష్టంగా చెబుతోంది. ఈ గొడవ చాలా పాతది. 1998లో అమెరికాలోని పాసడీనాలో బిల్ గ్రాస్ అనే ఆయన గోటూ డాట్ కామ్ పెట్టి, వేలంలో ఎవరు ఎక్కువ పాట పాడితే వాళ్ల పేరు పైన చూపించే పద్ధతి మొదలుపెట్టాడు. అదే ఏడాది గూగుల్ పెట్టిన ఇద్దరు కుర్రాళ్లు తమ పరిశోధన పత్రంలో, ప్రకటనల డబ్బుతో బతికే సెర్చ్ ఇంజిన్ ప్రకటనకర్తల వైపే మొగ్గుతుందని రాశారు. 2000లో వాళ్లే యాడ్‌వర్డ్స్ మొదలుపెట్టారు. ఇప్పుడు గూగుల్ యాడ్స్ అంటున్నది దాన్నే. 2002లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సెర్చ్ కంపెనీలకు ఉత్తరాలు రాసి, డబ్బు తీసుకుని చూపించేవాటిని విడిగా తెలిసేలా చూపించమంది. నీ ఫోన్‌లో ప్రకటన మీద కనిపించే "స్పాన్సర్డ్" అన్న గుర్తు వెనక ఇంత కథ ఉంది.

ప్రకటనల సంగతి వివరంగా చెబుతాను, డబ్బు పోయేది అక్కడే కాబట్టి.

అది వేలం పాటే. కానీ పెద్ద పాట పాడినవాడే ఎప్పుడూ గెలవడు. వెతికిన మాటకు నీ ప్రకటన ఎంత దగ్గరగా ఉంది, నొక్కితే తెరుచుకునే పేజీ పనికొస్తుందా అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. "మోకాలి ఆపరేషన్ తర్వాత ఫిజియోథెరపీ" అని వెతికినవాళ్లకు సరిగ్గా ఆ విషయమే ఉన్న పేజీ చూపిస్తే, అన్ని విభాగాలూ ఉన్న పెద్ద ఆసుపత్రి హోమ్ పేజీ కంటే నీకు తక్కువ ఖర్చుతో పై స్థానం రావచ్చు. చిన్నవాళ్లకు దొరికే అవకాశం ఇదే.

లెక్క ఎలా వేసుకోవాలో చెప్తా. ఉదాహరణకు ఒక క్లిక్ 20 రూపాయలు పడిందనుకుందాం. 100 క్లిక్‌లకు 2,000, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 2,360. వైద్య సేవల మీద జీఎస్టీ లేదు కాబట్టి నువ్వు కట్టిన ఆ పన్ను నీకు తిరిగి రాదు, ఖర్చులోనే కలుపుకోవాలి. ఆ వంద మందిలో నలుగురు క్లినిక్‌కి వచ్చారంటే ఒక్కో పేషెంట్‌కి 590 రూపాయలు పడింది. వచ్చినవాళ్లు పది సిట్టింగ్‌లు పూర్తి చేస్తే బాగా గిట్టుబాటు. ఒక్క సిట్టింగ్‌తో మానేస్తే నష్టం. అందుకే ఫ్రంట్ డెస్క్ అమ్మాయితో చెప్పు, కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరినీ "మా గురించి ఎలా తెలిసింది" అని అడిగి రిజిస్టర్‌లో రాయమను. ఏజెన్సీ పంపే రంగురంగుల రిపోర్ట్ కంటే ఆ రిజిస్టర్ నాకు ముఖ్యం.

వారానికొకసారి సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ తప్పకుండా తెరువు. జనం నిజంగా ఏం టైప్ చేసి నీ ప్రకటన నొక్కారో చాలావరకు అందులో కనిపిస్తుంది. ఫిజియోథెరపీ అన్న మాటతో కాలేజీలు వెతికేవాళ్లు, బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) ఫీజులు వెతికేవాళ్లు, ఉద్యోగాలు, జీతాలు వెతికేవాళ్లు బోలెడంత మంది ఉంటారు. వాళ్లు నొక్కినా నీ డబ్బే పోతుంది. ఆ మాటలన్నీ నెగెటివ్ కీవర్డ్స్‌లో, అంటే ఇవి వెతికితే నా ప్రకటన చూపించొద్దు అని చెప్పే జాబితాలో, పెట్టేయ్. మొదట్లో బ్రాడ్ మ్యాచ్ జోలికి వెళ్లకు, అది కాస్త సంబంధం ఉన్న వెతుకులాటలన్నిటికీ ప్రకటన చూపిస్తుంది. నువ్విచ్చిన మాటలకు దగ్గరగా ఉండే ఫ్రేజ్, ఎగ్జాక్ట్ మ్యాచ్‌లు చాలు.

ఆ రిపోర్ట్‌లో ఇంకోటి కూడా గమనించు. మనవాళ్లు "మోకాలి నొప్పి", "మెడ పట్టేసింది", "పక్షవాతం ఇంటికొచ్చి ఎక్సర్‌సైజులు" అని తెలుగు మాటల్నే ఇంగ్లీష్ అక్షరాల్లో కొడతారు, లేదా ఫోన్‌కి నోటితో చెబుతారు. నీ సైట్ నిండా కాలేజీ పుస్తకాల్లోని పేర్లున్నాయి తల్లీ. పిఠాపురం నుంచో సామర్లకోట నుంచో వచ్చే పెద్దాయన ఆ పేర్లతో వెతకడు.

లొకేషన్ సెట్టింగ్ కూడా చూడు. మామూలుగా వదిలేస్తే కాకినాడలో ఉన్నవాళ్లకే కాదు, కాకినాడ గురించి ఆసక్తి చూపించినవాళ్లకు కూడా ప్రకటన పడుతుంది. చాలామంది అది కట్టేయమంటారు. నీ విషయంలో పూర్తిగా కట్టొద్దంటాను. అమ్మ మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక కాకినాడలో ఇంటికొచ్చి చేసేవాళ్ల కోసం హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో కూర్చుని వెతికేది కొడుకో కూతురో. వాళ్ల కోసం చిన్న బడ్జెట్‌తో విడిగా ఒక క్యాంపెయిన్ పెట్టి చూడు. ఇక ఒకసారి సైట్ చూసినవాళ్ల వెంటపడి ప్రకటనలు చూపించే రీమార్కెటింగ్ కూడా చేస్తామని ఆ కాగితంలో ఉంది. జబ్బుల విషయంలో అలా వెంటపడటాన్ని గూగుల్ నియమాలు ఒప్పుకోవు. నియమం లేకపోయినా నువ్వు చేయకూడని పనే అది.

నీ క్లినిక్ పేరు మీద నువ్వే ప్రకటన కొనడం మాత్రం వద్దు. ఆన్‌లైన్‌లో వస్తువులు అమ్మే ఈబే కంపెనీలో ఆర్థికశాస్త్రవేత్తలు తమ సొంత పేరు మీద ఇచ్చే ప్రకటనలు ఆపి చూస్తే, దాదాపు అందరూ కింద ఉన్న మామూలు లింక్ నొక్కి వచ్చేశారు. అదే పరిశోధనలో, ఆ కంపెనీతో పరిచయం లేని కొత్తవాళ్ల మీద మాత్రం ప్రకటన పనిచేసిందని తేలింది. పేరు తెలిసినవాళ్లు ఎలాగూ వస్తారు. తెలియనివాళ్ల కోసమే డబ్బు పెట్టాలి.

ఇప్పుడు డబ్బు ఇవ్వకుండా వచ్చేదాని సంగతి. నీలాంటి క్లినిక్‌కి వెబ్‌సైట్ కంటే ముందు మ్యాప్స్‌లోని బిజినెస్ ప్రొఫైల్. అది పూర్తిగా ఉచితం. వెతికిన మాటకు సరిపోవడం, దూరం, పేరు ప్రతిష్ఠలు, ఈ మూడింటిని చూసి వరస నిర్ణయిస్తామని గూగుల్ చెబుతుంది. దూరాన్ని మనం మార్చలేం. సర్పవరంలో నిలబడి వెతికేవాళ్లకు అక్కడి క్లినిక్‌లే ముందు కనిపిస్తాయి, భానుగుడి సెంటర్ దగ్గరున్న నువ్వు బాధపడకు. మిగతావి నీ చేతిలో ఉన్నాయి. టైమింగ్స్ సరిగ్గా పెట్టు, పండగ సెలవులు కూడా మార్చు. మెట్లు ఎక్కాలా, లిఫ్ట్ ఉందా, వీల్‌చైర్ లోపలికి వస్తుందా అన్నది తెలిసేలా గుమ్మం ఫొటోలు పెట్టు. మోకాళ్ల నొప్పులవాళ్లు మొదట చూసేది అదే. పేరు దగ్గర "కాకినాడలో నంబర్ వన్" లాంటి మాటలు చేర్చొద్దు, అది నియమాలకు విరుద్ధం, ప్రొఫైల్ ఆపేయొచ్చు.

తగ్గి వెళ్లే ప్రతి పేషెంట్‌నీ రివ్యూ రాయమని అడుగు. మొహమాటపడకు. కానీ ఫీజు తగ్గిస్తామని అడగొద్దు, కొనొద్దు. బదులు రాసేటప్పుడు వాళ్ల జబ్బు పేరు ఎత్తకు. వాళ్లంతట వాళ్లే బయటపెట్టినా సరే, నువ్వు మాత్రం ఎత్తకు.

సైట్‌లో నెలకు రెండు పేజీలు నువ్వే రాయి. మోకాలు మార్చాక మెట్లు ఎప్పుడు ఎక్కొచ్చు, పక్షవాతం వచ్చినవాళ్లను ఇంట్లో మంచం మీద నుంచి ఎలా లేపాలి, అలాంటివి. నిన్ను రోజూ అడిగే ప్రశ్నలే కదా. కింద నీ పేరు, చదువు, రిజిస్ట్రేషన్ రాయి. ఆరోగ్యం గురించిన పేజీల విషయంలో రాసిందెవరన్నది గూగుల్ కంటే ముందు చదివేవాళ్లకు ముఖ్యం. ఇప్పుడు కొన్ని ప్రశ్నలకు పైనే ఏఐ జవాబు వచ్చేస్తోంది, కొందరు నీ పేజీ దాకా రారు, నిజమే. అయినా నొప్పి తగ్గించే చేతుల కోసం వాళ్లు క్లినిక్ వెతుక్కోవాల్సిందే.

ఇదంతా ఫలించడానికి నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని గూగుల్‌లో పనిచేసినవాళ్లే చెప్పారు. "మూడు నెలల్లో మొదటి పేజీ గ్యారంటీ" అని రాసిన కాగితాన్ని అందుకే నమ్మొద్దంటున్నా. మొదటి స్థానం ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగుల్ తన సైట్‌లోనే రాసి పెట్టింది. గ్యారంటీ ఇచ్చేవాళ్లలో కొందరు ర్యాంకింగ్ పెంచడానికి ఎక్కడెక్కడి సైట్ల నుంచో నీ సైట్‌కి లింకులు కొని పెడతారు. 2012లో గూగుల్ ర్యాంకింగ్ పద్ధతిలో పెంగ్విన్ అన్న మార్పు వచ్చినప్పటి నుంచీ అలాంటివి పట్టుబడుతూనే ఉన్నాయి. పట్టుబడితే ఏజెన్సీ ఇంకో క్లయింట్‌ని చూసుకుంటుంది, మునిగేది నీ సైట్.

ఎవరికి పని ఇచ్చినా ఒక్కటి మాత్రం రాతపూర్వకంగా తీసుకో. డొమైన్ (సైట్ అడ్రస్), ప్రకటనల అకౌంట్, మ్యాప్స్ ప్రొఫైల్, సెర్చ్ కన్సోల్ (గూగుల్‌లో నీ సైట్ ఎలా కనిపిస్తోందో చూపించే గూగుల్ సాధనం), నాలుగూ నీ జీమెయిల్ మీదే ఉండాలి. వాళ్లకు మేనేజర్‌గా అనుమతి ఇస్తే చాలు. విడిపోయేటప్పుడు పాస్‌వర్డ్ ఇవ్వకుండా ఏడిపించినవాళ్ల వల్ల నా క్లయింట్లు కొందరు ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న రివ్యూలు పోగొట్టుకున్నారు. నీకు ఆ పరిస్థితి రానివ్వను.

ఇప్పుడే సంతకం పెట్టకు. శనివారం క్లినిక్ కట్టేశాక ఫోన్ చెయ్యి, ప్రకటనల అకౌంట్ ఇద్దరం కలిసి తెరుద్దాం. మీ అమ్మ ఆదివారం సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో వస్తానంటోంది, సైట్‌లో పెట్టడానికి తెలుగులో ఏమైనా రాసి ఉంటే తనకు చూపించు, పెద్దవాళ్లకు అర్థమవుతుందో లేదో చదివి చెబుతుంది.

ప్రేమతో,
నాన్న