సైన్స్ ప్రాజెక్టు: ఆధారాలు శుక్రవారంలోగా పంపాలి

బృంద సభ్యులందరికీ నమస్కారం. ప్రతి ఒక్కరూ తమ అంశానికి సంబంధించిన మూడు ఆధారాలను శుక్రవారం సాయంత్రంలోగా ఈ గ్రూపులో పంపవలసిందిగా మనవి.

వికీపీడియాతో మొదలుపెట్టడంలో తప్పు లేదు గానీ, అక్కడితో ఆగకుండా వ్యాసం అడుగున ఇచ్చిన మూలాలను తెరిచి చదవండి. గూగుల్ స్కాలర్‌లో వెతికితే, ఒక్కో పరిశోధన పత్రం కింద ఉండే కొటేషన్ గుర్తును నొక్కగానే ఏపీఏ, ఎంఎల్ఏ అనే, మూలాలను పేర్కొనే పద్ధతుల్లో ఆ పత్రం వివరాలు సిద్ధంగా దొరుకుతాయి. అయితే అవి యంత్రం కూర్చినవి కాబట్టి రచయిత పేరు, సంవత్సరం, పత్రిక పేరు అసలు పత్రంతో సరిచూసుకోవాలి. 10తో మొదలయ్యే డీఓఐ (పత్రానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉంటే తప్పక రాయండి, ఎందుకంటే వెబ్ చిరునామా మారినా అది మారదు.

చాట్‌బాట్ చెప్పిన పత్రం నిజంగా ఉందో లేదో చూశాకే పంపండి. సొంత మాటల్లో రాసినా మూలాన్ని పేర్కొనవలసిందేనని మరచిపోవద్దు.