మ్యాచ్‌కు బదులు ఏం చూడాలి?

సంపాదకుడికి,

ఒక్కో సినిమా ఒక్కో ఓటీటీలో ఉంటోందని గోల పెట్టేవారితో నాకు పేచీ ఉంది. 'ఆహా' లాంటి తెలుగు సంస్థ నెట్‌ఫ్లిక్స్, అమెజాన్‌ల ముందు నిలవాలంటే తన దగ్గర మాత్రమే దొరికేది ఏదో ఒకటి ఉండాలి. ఆ సినిమా అందకపోతే ఇంకోటి చూస్తాం. క్రికెట్ అలా కాదు. సన్‌రైజర్స్ ఆడే మ్యాచ్‌కు బదులు మరోటి చూసి సరిపెట్టుకునే అభిమాని ఎవరు?

2022 జూన్ వేలంలో ఐపీఎల్ టీవీ హక్కులు స్టార్‌కు, డిజిటల్ హక్కులు రిలయన్స్ వైపున్న వయాకామ్18కు వెళ్లాయి. అయిదేళ్లకు మొత్తం రూ.48,390 కోట్లు. ఇద్దరి మధ్య పోటీ ఉంది కాబట్టే 2023లో వయాకామ్18 వాళ్ల జియోసినిమా ఐపీఎల్‌ను ఉచితంగా చూపించింది. అది చూసి స్టార్ వాళ్ల హాట్‌స్టార్ ఆ ఏడాది ఆసియా కప్‌ను, ప్రపంచ కప్‌ను మొబైల్‌లో ఉచితం చేసింది. (ఈ ఉదారత ఎన్నాళ్లులే అన్నవాళ్లూ లేకపోలేదు.)

2024 ఆగస్టులో, వ్యాపారంలో పోటీ దెబ్బతినకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ ఈ రెండు సంస్థల విలీనానికి ఒప్పుకుంది. 2025 ఫిబ్రవరిలో జియోహాట్‌స్టార్ వచ్చింది. ఐపీఎల్, ఐసీసీ టోర్నీలు, స్వదేశంలో భారత్ ఆడే మ్యాచ్‌లు అన్నీ ఒకే గొడుగు కిందకు చేరాయి. ఆ ఏడాది ఐపీఎల్‌కు చందా కట్టాలి, లేదా జియోలో ఫలానా మొత్తానికి రీచార్జి చేయించాలి. టీవీలో చూసుకోవచ్చుగా అంటారేమో, స్టార్ స్పోర్ట్స్ కూడా వాళ్లదే. కమిషన్ క్రికెట్ ప్రకటనల ధరలు అడ్డగోలుగా పెంచకూడదని హామీ తీసుకుంది. మంచిదే. మరి చందా కట్టేవాడి మాటేమిటి?

ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ హక్కులన్నీ ఒక్కరికే అమ్మకూడదని ఐరోపా కమిషన్ 2006లోనే పట్టుబట్టింది. ఫలితంగా మ్యాచ్‌లు పంచి అమ్మారు, అభిమాని రెండు చందాలు కట్టాల్సి వచ్చింది. మనకు ఆ దారి వద్దు. అదే మ్యాచ్‌ను ఒకే ధరకు, అడిగిన ప్రతి యాప్‌కూ ఇవ్వాలి. ఇదేం కొత్త కోరిక కాదు. ఒక చానల్‌ను ఒక కేబుల్ సంస్థకిచ్చి మరోదానికి ఇవ్వననడం కుదరదని టెలికాం, కేబుల్ రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన 2004 నుంచీ ఉంది. అది ఫోన్ తెర దాకా రాలేదంతే. ఓటీటీ తన పరిధి కాదని ట్రాయ్ అంటే కేంద్ర సమాచార, ప్రసార శాఖ చట్టమే సవరించాలి. ప్రస్తుత ఐపీఎల్ హక్కులు 2027తో ముగుస్తాయి. బీసీసీఐ తర్వాతి వేలం షరతులు ప్రకటించక ముందే ఇది తేలాలి.

– ఒక పాఠకుడు, ఖమ్మం